బురుజులో మా ఆయన

పోయిన ఆదివారం చర్చి నుంచి వచ్చి, పొయ్యి మీద కూర పడేసి, బియ్యం కడిగిన నీళ్లు మల్లెచెట్టుకు పోద్దామని బయటికి వచ్చానో లేదో, మా ఊరి బురుజు మీద నుంచి గులాబీ రంగు పొగ లేస్తోంది. పొగ కనిపిస్తే ఎవరిదో గడ్డివాము అంటుకుందనుకునే తరం మాది. చేతిలో చెంబు చేతిలోనే ఉంది, అట్లాగే ఉరికాను. తీరా పోయి చూస్తే అక్కడ ఒక పెళ్లికూతురు. కాబోయే పెళ్లికూతురట. మూరలకొద్దీ నేల మీద జీరాడే ఎర్ర గౌను వేసుకుని బురుజు గోడకు ఆనుకుని ఆకాశంలోకి చూస్తోంది. పక్కన కాబోయే పెళ్లికొడుకు ఆమెను చూస్తున్నాడు. ఎదురుగా కెమెరాల వాళ్లు, రంగు పొగ గొట్టాలు, వెండి రంగు గొడుగులు. గండిపేట దగ్గర కొత్త అపార్ట్‌మెంట్లలో ఉంటారట. ఈమధ్య ఇట్లాంటి జంటలు వారానికొకటి దిగుతున్నాయి. వాళ్లకు కావలసినన్ని కొత్త గోడలున్నాయి గానీ ఫొటోకు పాత గోడే కావాలి.

ఆ పిల్ల నన్ను చూసి నవ్వింది. "ఆంటీ, ఇది ఏ టైమ్‌ది? ఇందులో రాజులు ఉండేవాళ్లా?" అని అడిగింది. "రాజుల ముచ్చట నాకు తెల్వదు బిడ్డా. మా ఆయన మాత్రం ఉండె" అన్నాను. ముసలామె జోకు వేసిందనుకుని అందరూ నవ్వారు. కెమెరా అబ్బాయి చాలా మర్యాదగా, "అమ్మా, జర పక్కకు జరుగుతరా, ఫ్రేములకొస్తున్నరు" అన్నాడు. చెంబుతో సహా జరిగాను. అప్పుడు ఆ పిల్ల ఇంకో భంగిమ కోసమని గోడలో ఉన్న సన్నటి కన్నంలోకి వేళ్లు పోనిచ్చి పట్టుకుంది. "ఆడ చెయ్యి వెట్టకు! తియ్యి, తియ్యి బిడ్డా!" అని నేను అరిచిన అరుపుకు పిల్ల చెయ్యి లాక్కుంది, పావురాలు లేచిపోయాయి. ఎందుకని అడిగితే, "పురుగూ బూచీ ఉంటయి" అని మాత్రం చెప్పి వచ్చేశాను. పెళ్లికాని పిల్లకు అంతకంటే చెప్పడం బాగుండదు. మీకు చెబుతాను.

ముందుగా ఒక మాట. నేను పుట్టు పిరికిదాన్ని. బల్లికి భయం, ఉరుముకు భయం, వేళ కాని వేళ ఫోను మోగితే భయం. మా ఆయన దీనికి పూర్తిగా ఎదురు. పెద్ద గొంతు, పెద్ద నవ్వు, ఎక్కడ గొడవైనా మధ్యలో ఆయనే. "నీ భయంతోని కరెంటు తయారుచేస్తే చేవెళ్ల దాకా లైటుబుగ్గలు వెలుగుతయే" అనేవాడు. పెళ్లైన నాటి నుంచీ మా ఇంట్లో భయపడే పని నాది, ఫికర్ లేదనే పని ఆయనది. ఈ పంపకంలో ఇద్దరికీ ఏ ఇబ్బందీ లేకుండా పిల్లలు పెద్దవాళ్లైపోయి, ఎవరి కాపురాలు వాళ్లు చేసుకుంటున్నారు.

మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు పోతుంటే, పెద్దరోడ్డు దిగి లోపలికొచ్చే ఒంటి తారురోడ్డు మీద ఉంది మా ఊరు. రోడ్డుకిరుపక్కలా గులాబీ తోటలు, చామంతి మళ్లు, టమాట, కొత్తిమీర. ఊరు ఇంకా రాకముందే కుడిచేతి వైపు బురుజు వస్తుంది. గుండ్రంగా, రాళ్లూ మట్టీ కలిపి కట్టింది. లోపలికి వంగి దూరాల్సిన చిన్న దర్వాజ, గోడ లోపలే తిరుగుతూ పైకి పోయే మెట్లు, గోడ చుట్టూ కన్నాలు. ఆ కన్నాలు లోపలి వైపు ఇద్దరు కూర్చునేంత వెడల్పు, బయటి వైపు చెయ్యి పట్టేంత సన్నం. లోపలున్నవాడికి బయటంతా కనపడాలి, బయటివాడికి లోపలున్నవాడు కనపడకూడదు. వెనకటి కాలంలో దోపిడిగాళ్లు గుర్రాల మీద వచ్చి పంటలూ పశువులూ ఎత్తుకుపోతుంటే ఊరంతా తలా ఒక చెయ్యి వేసి కట్టుకున్నారట. మా అత్త పుట్టిల్లూ మెట్టిల్లూ ఈ ఊరే. రజాకార్ల నాడు ఆమె చిన్నపిల్ల. దుమ్ము లేస్తే చాలు, ఆడవాళ్లూ పిల్లలూ బురుజులోకి ఉరకడం, వడిసెల రాళ్లు, కారప్పొడి మూటలు పట్టుకుని పైన కూర్చోవడం, ఆ కారం ఘాటుకు శత్రువు రాకముందే వీళ్లే తుమ్మడం, ఇదంతా ఆమె మా పిల్లలకు నవ్వుతూ చెప్పేది. ఆ కథలో సగమే చెప్పేదని మాకు చాలా ఏళ్లు తెలియదు.

ఇక ఆ ఎండాకాలం సంగతి. కరోనా వచ్చిన మొదటి ఎండాకాలం. గులాబీలు విరగబూశాయి. పెళ్లిళ్లు లేవు, గుళ్లు లేవు, సిటీలో పూలమార్కెట్ బంద్. కోయకపోతే చెట్టు పాడవుతుందని కోసి గట్ల మీద పారబోసేవాళ్లం. ఎర్రటి కుప్పలు రెండు రోజులకు నల్లబడి, ఊరంతా ఒకటే తియ్యటి కుళ్లు వాసన. ఇప్పటికీ ఎక్కడన్నా గులాబీ దండ వాసన గట్టిగా తగిలితే నాకు పెళ్లి గుర్తుకు రాదు, ఆ భయమే గుర్తుకొస్తుంది. టీవీ పెడితే చావులు. ఫోను చేస్తే అవతలివాళ్లు ఎత్తేలోపు ముందు ఒక దగ్గు వినిపించేది, గుర్తుందా? జాగ్రత్తలు చెప్పే ముందు ఖళ్లుమని దగ్గేవాడొకడు. ఆ దగ్గు వినలేక నేను మా అక్కచెల్లెళ్లకు ఫోన్లు చేయడం మానేశాను. చేతులు కడిగి కడిగి నా వేళ్లు పగిలాయి. పాలవాడు కేక వేస్తే తలుపు వెనక నుంచే గిన్నె జరిపేదాన్ని.

అందరూ భయపడుతున్నారు కాబట్టి మా ఆయనకు చేతినిండా పని దొరికింది. చర్చి ముందర ఊరివాళ్లను దూరం దూరంగా నిలబెట్టి, "మన ఊరికి ఒక్కటే తొవ్వ. గా తొవ్వ మూసినమంటే రోగం ఎట్లొస్తదో నేను జూస్త" అన్నాడు. పొలాలకు కంప కొట్టినట్టే ఊరికి కంప కొట్టాలన్నాడు. సర్కారు తుమ్మ నరికి ట్రాక్టర్ల మీద తెచ్చి, ఊరి మొదట్లో రోడ్డుకడ్డంగా తలెత్తు పేర్చారు. కంప పేర్చడానికి ఒక పద్ధతుంది. మొదళ్లు మన వైపు ఉండాలి, ముళ్ల కొమ్మలు అవతలి వైపు ఉండాలి. అట్లా పేరిస్తే లోపలివాడు పంగలకర్ర తగిలించి మొదలు పట్టి గుంజితే కంప సులువుగా వస్తుంది. బయటి నుంచి మాత్రం ఎంతటి మొనగాడు వచ్చినా చెయ్యి పెట్టలేడు. మా ఆయన దగ్గరుండి ఒక్కొక్క మొద్దూ తిప్పించి మరీ పెట్టించాడు. బురుజు కంపకు అవతల పడిపోయింది. పడితే పడిందిలే, దానితో ఎవరికేం పని అనుకున్నాం.

అంతటితో ఆగితే ఆయన మా ఆయన ఎట్లా అవుతాడు? బండ్లవాళ్లు కంప దాకా వచ్చి నిలబడుతున్నారని, బురుజుకు అవతల, పెద్దరోడ్డు వైపు, తారురోడ్డును అడ్డంగా తవ్వించాడు. వెంచర్ల పని ఆగిపోయి ఖాళీగా ఉన్న జేసీబీ ఒకటి ఊర్లో ఉండె. దాని పక్కన నిలబడి, "ఇంక లోతు, ఇంక లోతు" అని చేతులూపుతుంటే చూడాలి ఆయన్ని, బావి తవ్విస్తున్నవాడి సంబరం! కందకం అయింది. చివరికి ఒక కట్టుబాటు పెట్టాడు. "ఎవడు బయటికి పోతే వాడు బయటనే. పద్నాలుగు దినాలు. నేనైనా సరే, నా తమ్ముడైనా సరే." ఆ మాట అన్నప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత నాకు నిద్రపట్టింది.

కంప దగ్గర కాపలాకు మా మరిదిని పెట్టారు. మా ఆయనకు ఒక్కగానొక్క తమ్ముడు, అన్న గీసిన గీత దాటనివాడు. చేతిలో కర్ర, మూతికి తువ్వాల. పొద్దంతా ఖాళీ రోడ్డును చూస్తూ కూర్చునేవాడు. ఎప్పుడైనా కుక్క వచ్చినా లేచి నిలబడేవాడు.

అట్లా కొన్ని రోజులు గడిచాక మా అత్తకు బీపీ గోలీలు అయిపోయాయి. ఆమె ఎనభై దాటిన మనిషి. తల తిరుగుతోందని గోడ పట్టుకుని నడుస్తోంది. గోలీలు ఎవరు తేవాలి? ఊర్లో ఎవరిని అడిగినా నేల చూపులు చూస్తున్నారు. "ఎవలో ఎందుకే, నేను వోత. పోయినట్టు వస్త" అని మా ఆయన బండి తీశాడు. వద్దని నేను కాళ్లావేళ్లా పడ్డాను. ఆయన నవ్వి, మూతికి రెండు తువ్వాలలు కట్టుకుని, కంప కొంచెం పక్కకు గుంజించుకుని, పొలాల గట్ల మీదుగా కందకం తప్పించుకుని మొయినాబాద్ పోయాడు. ఆ కాలిబాట సంగతి కందకం తవ్వించినవాడికి గుర్తే ఉంది మరి.

సాయంత్రం అయ్యేసరికి ఆయన వచ్చాడు. కంప అవతల బండి ఆపి, "తియ్ రా తమ్మీ" అన్నాడు. మా మరిది కదల్లేదు. చుట్టూ ఊరివాళ్లు పోగయ్యారు. నేను ముందు వరసలో ఉన్నాను. "అన్నా, నువ్వే జెప్పినవ్ గద" అన్నాడు మరిది, తల వంచుకుని. మా ఆయన పెద్దగా నవ్వాడు. ఎవరూ తిరిగి నవ్వలేదు. మందుల దుకాణం ముందర జనం ఉన్నారా, ఎవరన్నా దగ్గారా అని వెనక నుంచి ఎవరో అడిగారు. ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు. "ఒగడు దగ్గిండు. నాకు దూరంగనే ఉండె" అన్నాడు. అంతే, జనం ఒక్కసారిగా రెండడుగులు వెనక్కి వేశారు. నా కాళ్లు కూడా వాళ్లతో పాటే పోయాయి. ఆయన అది చూశాడు. గోలీల పొట్లం రాయి మీద పెట్టి, "సబ్బు నీళ్లతోని తుడ్వుండ్రి" అని చెప్పి, బండి తిప్పుకుని బురుజు వైపు పోయాడు. కట్టుబాటు పెట్టింది ఆయన, దానికి మొదట చిక్కిందీ ఆయనే. ఎవరు తీసిన గోతిలో వారే పడతారనే సామెత ఎవరి నోటి నుంచి మొదట వచ్చిందో గానీ ఆయన మా ఊరివాడై ఉండాలి.

అట్లా మా ఆయన బురుజులో కాపురం పెట్టాడు. చీపురు అడిగితే కంప మీదుగా విసిరారు. చాప, దుప్పటి, నీళ్ల బిందె కంప పక్క సందులోంచి పంగలకర్రతో జరిపారు. టిఫిన్ డబ్బా కూడా కర్ర కొసకు తగిలించి నేనే అందించేదాన్ని. ఆయన తీసుకుని పోయి, పైకెక్కి, ఒక కన్నం దగ్గర కూర్చుని తినేవాడు. నేను కంప ఇవతల నిలబడి చూసేదాన్ని. మనిషి కనపడడు, కన్నంలో తెల్ల బనీను మాత్రం కనపడుతుంది. మాట్లాడాలంటే అరవాలి, అరిస్తే ఊరంతా వింటుంది. అందుకని ఎదురెదురుగా ఉండి ఫోన్లో మాట్లాడుకునేవాళ్లం. ముందు ఆ ఫోనువాడు దగ్గేవాడు, తర్వాత మా ఆయన, "చింతపండు ఎక్కువైందే" అనేవాడు.

కొన్ని రోజులకు మా ఆయనే దగ్గడం మొదలుపెట్టాడు. మొదట చిన్నగా, తర్వాత గుక్క తిప్పుకోకుండా. ఆ రాళ్ల గుండ్రంలో దగ్గితే బురుజే దగ్గినట్టు ఊరంతా వినిపించేది. పావురాల రెట్టల దుమ్మే, ఏం కాలేదని ఆయన చెప్పేవాడు. ఎవరు నమ్ముతారు? మర్నాడే కంప మీద ఇంకో వరస కంప వేశారు. కుళాయి దగ్గరికి నేను పోతే బిందెలు జరిగేవి. నేను వాళ్లను తప్పుబట్టలేను, నాలోనూ అదే భయం. రోజూ డబ్బా అందించి వచ్చి, ఆ కర్ర కొసను వేడినీళ్లతో కడిగేదాన్ని. కడుగుతూ ఏడ్చేదాన్ని. నా మొగుణ్ని చూసి నాకు భయమేస్తోంది, నా మొగుడికేమన్నా అవుతుందని ఇంకా భయమేస్తోంది, ఈ రెండు భయాలకూ నాకు ఒకటే గుండె. ప్రార్థనకు కూర్చుంటే మాట బయటికి వచ్చేది కాదు. మా అత్త అప్పటి నుంచి ఇంట్లో కూర్చోవడం మానేసింది. పొద్దున్నే కుర్చీ వేయించుకుని వాకిట్లో, బురుజు కనిపించేటట్టు కూర్చునేది. ఆ గోలీలు వేసుకోమంటే మింగేది గానీ, బురుజు మీది చూపు తిప్పేది కాదు.

ఆ రోజు మధ్యాహ్నం అన్నాలైన తర్వాత ఎండ మండిపోతోంది. అంతకు ముందు రెండు వానలు పడ్డాయి, అకాల వానలు, కందకంలో ఎర్రటి నీళ్లు నిలిచాయి, పొలాల గట్లు తెగి ఆ కాలిబాట కూడా బురదలో కలిసిపోయింది. నా ఫోను మోగింది. ఆయనే. ఆ గొంతు నాకు కొత్తగా ఉంది. మెల్లగా, చిన్నపిల్లవాడిలాగా, "ఇగో... డబ్బ తీద్దామని కన్నంల చెయ్యి వెట్టిన. కరిచిందే. సూసిన, రక్తపింజరే" అన్నాడు.

నేను ఎట్లా ఉరికానో తెలియదు. కంప దగ్గరికి పోయేసరికి ఆయన బురుజు ముందరి రాయి మీద కూర్చుని ఉన్నాడు. కుడిచేతిని ఎడమచేతిలో పెట్టుకుని దాన్నే చూసుకుంటున్నాడు. మా మరిది అప్పటికే అంబులెన్స్‌కు ఫోను చేశాడు. ఊరు ఊరంతా వచ్చింది. కాసేపటికి దూరంగా హారన్ వినిపించింది, తెల్లబండి పెద్దరోడ్డు దిగి వచ్చి కందకం అవతల ఆగిపోయింది. నిలువెల్లా తెల్ల ప్లాస్టిక్ బట్టలు తొడుక్కున్న ఇద్దరు దిగి, నీళ్ల అంచున నిలబడి, "ఇదేంది, రోడ్డేది? పేషెంటును ఈడిదాకా తీస్కరాండ్రి, జల్ది! నలుగురు రాండ్రి!" అని కేకలు పెడుతున్నారు.

నలుగురు కాదు, ఊరంతా ఉంది. ఒక్కరూ కదల్లేదు. కంపకు అవతల విషమెక్కుతున్న మనిషి, ఇవతల మేము. ఆయన దగ్గాడు. దగ్గు వినగానే జనం మళ్లీ వెనక్కి జరిగారు. నేను, "తియ్యి తమ్మీ, తియ్యి" అని మా మరిది మీద పడ్డాను. వాడి కళ్ల నిండా నీళ్లు. "వదినె, అన్నను ముట్టుకున్నంక ఇంటికెట్ల వోవాలె? నా పిల్లలు చిన్నోల్లు వదినె" అన్నాడు. నాకు వాడి మీద కోపం రాలేదు. ఆ ముఖంలో ఉన్న భయం రోజూ నేను అద్దంలో చూసుకుంటున్నదే.

అప్పుడు వెనక నుంచి జనం పక్కలకు తొలిగారు. మా అత్త. గోడ పట్టుకుని నడిచే మనిషి, గోడ లేని రోడ్డు మీద ఒక్కతే నడిచి వచ్చింది. అందరి వైపూ చూసింది. "ఆనాడు గూడ గిట్లనే దర్వాజ మూసిండ్రు" అంది. ఎవరికీ అర్థం కాలేదు. "రజాకార్లొస్తున్నరని దుమ్ము జూసి అందరం బురుజుల జొర్రినం. మా నాయిననే దర్వాజకు రాయి వెట్టిండు. మా చిన్నాయిన ఎనుక పడ్డడు. వచ్చి తలుపు కొట్టిండు. అన్నా, నేనే, తియ్యే అన్నా అన్నడు. ఎనుక ఎవలన్న ఉన్నరేమో అని మా నాయిన తియ్యలె. నేను కన్నంలకెల్లి జూస్తున్న. ఎనుక ఎవ్వలు లేరు. గా దుమ్ము పసులది. తలుపు తీసేటాలకు చిన్నాయిన లేడు. అలిగి పోయిండో, ఎవలన్న పట్టుకపోయిండ్రో, మల్ల కనవడలె. మా నాయిన సచ్చిందాక గా తలుపు చప్పుడు ఇనుకుంటనే సచ్చిండు."

ఈ మాట చెప్పి, మా మరిది చేతిలో ఉన్న పంగలకర్ర తీసుకుంది. "ఓ కొడుకా, మొదళ్లు మన దిక్కే ఉన్నయి రా" అంది. అని కర్ర తగిలించి లాగింది. ఆమె బలానికి కంప ఏం కదులుతుంది? కొంచెం ఊగింది, అంతే. ఆ ఊగిన మొద్దును నేను పట్టుకున్నాను. ధైర్యం వచ్చి పట్టుకున్నానని మీరనుకోకండి. నాకు అప్పుడూ భయమే. ఆ తలుపు చప్పుడు జీవితాంతం వింటూ బతకాలన్న భయం ముందు మిగతా భయాలు చిన్నవైపోయాయి. నేను లాగుతుంటే నా చేతుల పక్కన ఇంకో రెండు చేతులు పడ్డాయి, మా మరిదివి. తర్వాత లెక్కలేనన్ని. మొదళ్లు మా వైపే ఉన్నాయి కాబట్టి కంప ఇట్టే వచ్చేసింది. ఇన్ని రోజులూ అది అంత సులువుగా వస్తుందని మాకు తెలుసు.

ఎవరో మంచం తెచ్చారు. మా మరిది వాళ్ల అన్నను చంటిపిల్లవాణ్ని ఎత్తినట్టు ఎత్తి మంచం మీద వేశాడు. చెయ్యి అప్పటికే మోచేతి దాకా ఉబ్బి నల్లబడింది. నలుగురు మంచం ఎత్తుకుని కందకం దాకా ఉరికి, ఆగిపోయారు. ఎర్ర నీళ్లు, అడుగు కనపడదు. అవతల ప్లాస్టిక్ బట్టలవాళ్లు, "ఎంత లోతున్నది?" అని అరుస్తున్నారు. ఇవతల ఎవరికీ తెలియదు. మంచం మీద నుంచి మా ఆయన కళ్లు తెరిచి, "నడుమ దిగకుండ్రి, మునుగుతరు. ఎడమ దిక్కు వోండ్రి. ఆడ బండ తగిలి జేసీబీ తియ్యలె" అన్నాడు. అంత భయంలోనూ ఎవరో కిసుక్కున నవ్వారు. ఎడమ పక్క నుంచే దిగారు. మోకాళ్ల పైదాకా బురద. మంచాన్ని భుజాల మీద పెట్టుకుని, కాలు తడుముకుంటూ దాటారు. నేను మా మరిది చొక్కా పట్టుకుని వాళ్ల వెనకే దిగాను. నా చెప్పులు రెండూ ఆ బురదలోనే ఉండిపోయాయి.

బండిలో నేను ఆయన ఎడమచెయ్యి పట్టుకుని కూర్చున్నాను. చేవెళ్ల దాకా రోడ్డు మీద పురుగు లేదు. అంత ఖాళీ రోడ్డును నేను మళ్లీ చూడలేదు. ఆయన నా వైపు చూసి, పెళ్లైన ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా అనని మాట అన్నాడు. "నాకు భయమైతుందే." ఆ మాట ఎప్పుడూ నాది, దానికి జవాబు చెప్పే పని ఆయనది. ఆయన జవాబే ఆయనకు చెప్పాను. "ఫికర్ లేదు. నేనున్న గద" అన్నాను. నా పళ్లు టకటక కొట్టుకుంటూనే ఉన్నాయి.

దవాఖానలో సూదులు మీద సూదులు వేశారు. ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదని డాక్టరమ్మ చెప్పింది. దగ్గు మాత్రం నిజంగానే పావురాల దుమ్మేనట. ఆయన బతికాడు. కుడిచేతి చివరి రెండు వేళ్లు వంకర తిరిగి అట్లాగే ఉండిపోయాయి. గులాబీలు కోయడానికి ఆ చెయ్యి పనికిరాదు గానీ, సభలో ఊపడానికి పనికొస్తుంది, అదీ అదృష్టమే.

మేము తిరిగి వచ్చేసరికి ఊరి మొదట్లో కంప రోడ్డు పక్కన కుప్పగా పడి ఉంది. ముట్టుకున్న నలుగురినీ ఊరి బయట పెట్టాలా వద్దా అని కాసేపు పంచాయితీ అయిందట. మంచం మోసింది నలుగురే అయినా కంప లాగింది ఊరంతా కదా, ఎవరిని ఎవరు బయట పెట్టాలి? ఆ లెక్క తేలక వదిలేశారు. ఆ కంప వానాకాలం దాకా అక్కడే ఎండి, తర్వాత ఎవరి పొయ్యిలోకో పోయింది. జేసీబీ వచ్చి కందకం పూడ్చింది.

రోగం మా ఊరికి రాలేదనుకుంటున్నారేమో. వచ్చింది. ఏ కంపా లేని మరుసటి ఏడు, అందరం అంతా అయిపోయిందనుకున్నాక వచ్చింది. మా అత్తను అదే తీసుకుపోయింది. మంచం మీద ఉన్న రోజుల్లో ఆమె అడిగింది ఒకటే. "తలుపు తీసి వెట్టుండ్రి." తీసే పెట్టాం. ఆ తలుపు దగ్గర గడప మీద మా మరిది కూర్చునే ఉన్నాడు, పిల్లలు చిన్నవాళ్లని ఒక్కసారి కూడా అనలేదు. సమాధుల దాకా మోసింది కూడా ఆ మంచం మోసినవాళ్లే.

పూడ్చిన చోట మట్టి దిగబడి రోడ్డు మీద గుంత మిగిలింది. బండి దాని మీద పోయిన ప్రతిసారీ ధడేలుమని ఎత్తేసేది. మా ఆయన అక్కడికి రాగానే కాలు బ్రేకు మీద పెట్టేవాడు. ఇప్పుడు ఆ రోడ్డంతా వెడల్పు చేసి, రాయి పోసి, రోలర్ తొక్కించి కొత్త తారు వేశారు. గుంత ఎక్కడుండేదో నన్నడిగినా వెతికి చూపించలేను.

ఆదివారం పొద్దువాటారే వేళకు ఫొటోల పిల్లలు పొగ గొట్టాలు సర్దుకుని, ఎర్ర గౌను కారులో కుక్కుకుని బయల్దేరారు. మా ఆయన, నేను వాకిట్లో నిలబడి చూస్తున్నాం. కారు బురుజు దాటి, ఆ చోటు మీద నుంచి ఒక్క కుదుపైనా లేకుండా సర్రున పోయింది. నా పక్కన మా ఆయన కుడికాలు, ఏ బండీ లేని నేల మీద, మెల్లగా నొక్కుకుంది. రోడ్డు మీది గుంత ఒక్క పూటలో పూడింది, ఆయన కాలిలోది పూడటానికి మాత్రం ఇన్నేళ్ల కాలమూ చాలినట్టు లేదు.